డొమైన్ కంట్రోలర్ల మధ్య రెప్లికేషన్ ఆలస్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రధాన కార్యాలయంలో ఉదయం తొమ్మిదింటికి ఖాతా తెరిచినా, శాఖలో కొత్తగా చేరిన ఉద్యోగిని పదకొండున్నర దాకా లాగిన్ కాలేక ఖాళీ తెర ముందు కూర్చోవడం నేను చూశాను. ఆ రోజు అక్కడ ఏ సర్వరూ పాడవలేదు, ఏ లైనూ తెగలేదు. ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన 180 నిమిషాల గడువు ఒకటి తన పని తాను చేసుకుపోయింది, అంతే. అప్పటి నుంచి యాక్టివ్ డైరెక్టరీ (సంస్థలోని ఖాతాలు, కంప్యూటర్ల వివరాలు ఉంచే విండోస్ వ్యవస్థ) చూసుకునే మిత్రులు అడిగే సందేహాలను రాసి పెట్టుకుంటూ వచ్చాను. ఆ డైరెక్టరీ ప్రతిని ఉంచుకుని లాగిన్లు చూసే సర్వరే డొమైన్ కంట్రోలర్, క్లుప్తంగా డీసీ; ఒక డీసీలోని మార్పు మిగతావాటికి చేరడమే రెప్లికేషన్. తిరిగి తిరిగి వచ్చినవి ఇవి. ఎక్కువ ప్రశ్నల వెనుక ఉన్న చిక్కు ఒకటే: ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరు. ఆలస్యానికి అమరిక మార్చాలి, ఆగిపోయిన దానికి లోపం వెతకాలి. ఈ రెంటినీ కలిపేసుకుంటే రోజంతా పోతుంది.

## మొదటి సందేహాలు

ఒక డీసీలో చేసిన మార్పు మిగతా డీసీలన్నిటిలో వెంటనే ఎందుకు కనబడదు?

విండోస్ ఎన్‌టీ 4.0 రోజుల్లో రాసే హక్కు ఒక్క ప్రైమరీ డీసీకే ఉండేది. అది పడిపోతే పాస్‌వర్డ్ మార్చుకోవడం కూడా కుదిరేది కాదు. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో, చదవడానికి మాత్రమే ఉద్దేశించిన డీసీలను మినహాయిస్తే, ఏ డీసీలోనైనా రాయవచ్చు. ఇందరు రాస్తున్నప్పుడు అందరి ప్రతులూ ప్రతి క్షణం ఒకేలా ఉండాలని పట్టుబడితే, ప్రతి చిన్న మార్పుకూ మిగతా డీసీలన్నీ సరేననే దాకా ఆగాలి. ఒక శాఖలో లైను తెగితే సంస్థ మొత్తం పని ఆగిపోతుంది. అందుకే మార్పును ముందు ఒకచోట రాసి, తర్వాత అందరికీ చేరవేసే పద్ధతి పెట్టారు. ఈ కాస్త ఆలస్యం లింకు తెగినా శాఖలో పని నడవడానికి మనం చెల్లించే ధర.

ఎంత ఆలస్యాన్ని మామూలుగా భావించాలి?

ఒకే సైట్‌లో (వేగమైన లైనుతో కలిసిన ఒకే చోట) ఉన్న డీసీల మధ్య ఒక నిమిషం లోపు. మార్పు జరిగిన డీసీ 15 సెకన్లు ఆగి మొదటి భాగస్వామికి కబురు పెడుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరికీ 3 సెకన్ల తేడాతో చెబుతుంది. మధ్యలో మూడు మజిలీలకు మించకుండా దారులు ఏర్పడతాయి కాబట్టి లెక్క నిమిషం దాటదు. విండోస్ 2000లో మొదటి కబురుకే 5 నిమిషాలు పట్టేది. పాత పుస్తకాల్లో కనిపించే పావుగంట లెక్క అప్పటిది.

సైట్లు వేరైతే కథ మారుతుంది. రెండు సైట్లను కలిపే అమరికే సైట్ లింక్; దాన్ని కొత్తగా చేసినప్పుడు, ఎంతసేపటికోసారి మార్పులు అడగాలో చెప్పే గడువు 180 నిమిషాలుగా వస్తుంది. శాఖ నుంచి ప్రాంతీయ కార్యాలయానికి ఒక లింకు, అక్కడి నుంచి ప్రధాన కార్యాలయానికి మరొకటి ఉంటే, ఏ లోపమూ లేకుండానే ఆరు గంటలు పట్టవచ్చు. మీ నెట్‌వర్క్‌లో అతి దూరపు రెండు డీసీల మధ్య ఈ కూడిక ఎంతో లెక్కగట్టి గోడ మీద రాసుకోండి. ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడవలసిన అంకె అదే.

మార్పులను పంపేది ఏ డీసీ? నెట్టడమా, లాగడమా?

లాగడమే. ఒకే సైట్‌లో మార్పు జరిగిన డీసీ "నా దగ్గర కొత్తది ఉంది" అని కబురు మాత్రమే పెడుతుంది. అవతలి డీసీ వచ్చి తీసుకెళుతుంది. సైట్ల మధ్య మామూలుగా ఆ కబురు కూడా ఉండదు, గడువు ప్రకారం వచ్చి అడగడమే. ప్రతి డీసీ తన దగ్గర జరిగే మార్పులకు యూఎస్‌ఎన్ అనే వరుస సంఖ్య వేస్తుంది. అవతలి డీసీ "కిందటిసారి ఈ సంఖ్య దాకా చూశాను, తర్వాతివి ఇవ్వు" అంటుంది. ఇది అర్థమైతే, ఎవరి నుంచి తీసుకోవాలో చెప్పే కనెక్షన్ వస్తువులు ఎప్పుడూ తీసుకునే డీసీ కింద ఎందుకు కనిపిస్తాయో తేలిపోతుంది. "సైట్స్ అండ్ సర్వీసెస్" కన్సోల్‌లో "రెప్లికేట్ నౌ" నొక్కినప్పుడు కూడా ఆ డీసీ తన భాగస్వామి నుంచి లాక్కుంటుంది. మార్పును బయటికి పంపాలనుకుని తప్పు డీసీ కింద నొక్కి, ఏమీ జరగలేదని అనుకునేవారు చాలామంది ఉన్నారు.

ఇద్దరు అడ్మిన్లు రెండు డీసీల్లో ఒకే ఖాతాను ఒకేసారి మారిస్తే ఏది నిలుస్తుంది?

పోలిక ఖాతా మొత్తానికి జరగదు, ఒక్కో గుణానికి విడిగా జరుగుతుంది. ఒకరు ఫోన్ నంబరు, మరొకరు విభాగం పేరు మారిస్తే రెండూ నిలుస్తాయి. ఇద్దరూ ఫోన్ నంబరే మారిస్తే, ఏ ప్రతిలో దాని వెర్షన్ సంఖ్య ఎక్కువో అది గెలుస్తుంది. అవి సమానమైతే తర్వాతి సమయంలో జరిగిన మార్పు, అదీ సమానమైతే మార్పు పుట్టిన డీసీ గుర్తింపు సంఖ్యల్లో పెద్దది. గడియారానిది రెండో స్థానం మాత్రమేనని గమనించండి.

ఒకే పేరుతో రెండు చోట్లా కొత్త ఖాతాలు తెరిస్తే మాత్రం ఒకదాని పేరు చివర సీఎన్‌ఎఫ్ అన్న అక్షరాలూ, పొడవాటి గుర్తింపు సంఖ్యా చేరతాయి. వాటిని చూడగానే తొలగించకండి; ఉద్యోగి వాడుతున్నది ఏ ఖాతానో ముందు తేల్చుకోండి.

## రూపకల్పన దశ: సైట్లు, లింకులు, గడువులు

180 నిమిషాలను 15కి తగ్గిస్తే లైను మీద భారం పడుతుందా?

పడుతుందన్న భయం చాలామందిలో ఉంది. గడువు ఎంతైనా రోజంతా ప్రయాణించే మార్పుల పరిమాణం దాదాపు అంతే. మూడు గంటలకోసారి మోసే మూటను పావుగంటకోసారి చిన్న చిన్న మూటలుగా మోస్తాం. పైగా మారిన గుణాలు మాత్రమే వెళతాయి, ఖాతా మొత్తం వెళ్లదు. సైట్ల మధ్య పెద్ద మూటలు కుదించి వెళతాయి కాబట్టి, చిన్నవి చేసినప్పుడు ఆ కుదింపు లాభం కొంత తగ్గుతుంది. ఇప్పటి ఫైబర్ లైన్ల మీద దాన్ని పట్టించుకోనక్కరలేదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఉపగ్రహ లైను మీదో, వాడిన డేటాకు లెక్కగట్టి డబ్బు చెల్లించే లైను మీదో ఉన్న శాఖ అయితే తప్ప 180ని అలాగే ఉంచడానికి కారణం లేదు. కన్సోల్ ఒప్పుకునే కనీస గడువు 15 నిమిషాలు. అక్కడికి దించండి.

15 నిమిషాలు కూడా ఎక్కువే. ఇంకా తగ్గించవచ్చా?

తగ్గించవచ్చు. సైట్ లింక్ మీద మార్పు కబురును చేతనం చేస్తే, ఒకే సైట్‌లో ఉన్నట్టే సెకన్లలో కబురు వెళుతుంది. లింక్ గుణాల్లో అట్రిబ్యూట్ ఎడిటర్ తెరిచి "ఆప్షన్స్" అన్న చోట 1 ఉంచాలి. అక్కడ ముందే ఏదైనా అంకె ఉంటే దాన్ని చెరిపి 1 రాయకండి. అది బిట్ల కూడిక, పాత అంకెకు 1 కలపాలి. 4 అంటే కుదింపు ఆపడం కాబట్టి 5 రాస్తే రెండూ జరుగుతాయి. నేనైతే కుదింపును ఉంచుతాను.

ఒక చిక్కు ఉంది. డైరెక్టరీ తానుగా చేసుకున్న కనెక్షన్లకే ఈ అమరిక లింక్ నుంచి సంక్రమిస్తుంది. ఎవరైనా చేత్తో చేసి పెట్టిన కనెక్షన్ ఉంటే అది పాత గడువుతోనే నడుస్తుంది, మీరేమో లింక్‌ను మార్చానన్న ధీమాతో ఉంటారు.

సైట్ లింక్ కాస్ట్ తగ్గిస్తే రెప్లికేషన్ వేగం పెరుగుతుందా?

పెరగదు. కాస్ట్ అన్నది రెండు దారులున్నప్పుడు ఏది ఎంచుకోవాలో చెప్పే అంకె మాత్రమే. మనం ఏమీ రాయకపోతే 100 ఉంటుంది. ఒకే దారి ఉన్న శాఖకు అది 10 అయినా 1000 అయినా తేడా రాదు.

రాత్రి మాత్రమే రెప్లికేషన్ జరిగేలా సమయాలు పెట్టాను. తప్పా?

తప్పనను, కానీ లింకుల సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి లింకు రాత్రి 10 నుంచి 12 వరకు, రెండోది 1 నుంచి 3 వరకు తెరిచి ఉందనుకుందాం. ప్రధాన కార్యాలయంలో 10కి బయలుదేరిన మార్పు మధ్య సైట్ మీదుగా 1కి చివరి శాఖ చేరుతుంది: మూడు గంటలు. ఎదురు దిశలో చూడండి. శాఖ మార్పు 1కి మధ్య సైట్‌కు వస్తుంది, మొదటి లింకు మళ్లీ రాత్రి 10కి గానీ తెరుచుకోదు: 21 గంటలు. నెట్‌వర్క్ పటంలో ఇది ఎక్కడా కనబడదు, శాఖవాళ్ల ఫిర్యాదుల్లోనే కనబడుతుంది. నెమ్మదైన డయలప్ లైన్ల కాలంలో పెట్టిన ఇలాంటి సమయాలు లైన్లు మారాక కూడా చాలా చోట్ల మిగిలిపోయాయి.

కనెక్షన్లను నేనే చేత్తో చేసి పెట్టవచ్చా?

పెట్టనిస్తుంది, కానీ పెట్టకండి. కేసీసీ అనే భాగం ప్రతి డీసీలోనూ 15 నిమిషాలకోసారి లేచి, ఎవరు ఎవరి నుంచి తీసుకోవాలో సరిచూస్తుంది. ఒక డీసీ పడిపోతే దాని స్థానంలో మరో దారి వేస్తుంది. చేత్తో చేసిన కనెక్షన్‌ను మాత్రం అది తొలగించదు, మార్చదు. సైట్ తరఫున బయటి సైట్లతో మార్పులు ఇచ్చిపుచ్చుకునే బ్రిడ్జ్‌హెడ్ సర్వర్‌ను మనమే ఎంపిక చేసి కట్టేసినా ఇదే ఇబ్బంది: ఎంపిక చేసిన సర్వర్లన్నీ పడిపోతే, పక్కన మంచి డీసీ నిక్షేపంగా ఉన్నా దాన్ని వాడుకోదు. సైట్లూ లింకులూ సరిగ్గా గీయడం మన పని; కనెక్షన్లు దానికి వదిలేయాలి.

శాఖలన్నిటినీ ఒకే సైట్‌లో పెడితే ఆలస్యమే ఉండదు కదా?

రెప్లికేషన్ ఆలస్యం పోతుంది, లాగిన్ ఆలస్యం వస్తుంది. కంప్యూటర్లు దగ్గరి డీసీని కనిపెట్టేది తమ సబ్‌నెట్ (ఐపీ చిరునామాల శ్రేణి) ఏ సైట్‌కు చెందుతుందో చూసి. అంతా ఒకే సైట్ అయితే శ్రీకాకుళం శాఖలోని కంప్యూటర్, పక్క గదిలో డీసీ ఉన్నా హైదరాబాద్ డీసీ దగ్గర లాగిన్ కావచ్చు. సైట్లను విడిగా ఉంచి, లింకు మీద మార్పు కబురు పెట్టుకుంటే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి. కొత్త సబ్‌నెట్ వేసిన ప్రతిసారీ దాన్ని సైట్‌కు జతచేయడం మరవకండి. జతకాని సబ్‌నెట్‌లోని కంప్యూటర్ల పరిస్థితి కూడా ఇంతే.

## రోజువారీ దశ: ఉద్యోగుల నుంచి వచ్చే ఫిర్యాదులు

పాస్‌వర్డ్ ఇక్కడ మార్చిన అర నిమిషంలోనే శాఖలో పనిచేసింది. రెప్లికేషన్ కాకుండానే ఎలా?

పాస్‌వర్డ్‌కు ప్రత్యేక దారి ఉంది. ఏ డీసీలో పాస్‌వర్డ్ మారినా ఆ డీసీ గడువుల కోసం చూడకుండా, డొమైన్‌కు ఒక్కటే ఉండే పీడీసీ ఎమ్యులేటర్ (క్లుప్తంగా పీడీసీ) పాత్ర ఉన్న డీసీకి వెంటనే తెలియజేస్తుంది. శాఖ డీసీకి కొత్త పాస్‌వర్డ్ తెలియక పోలిక కుదరనప్పుడు, తిరస్కరించే ముందు పీడీసీని ఒకసారి అడుగుతుంది. అక్కడ సరిపోతే లోపలికి రానిస్తుంది.

పీడీసీ దాకా లైను లేనప్పుడు ఈ సౌకర్యం ఉండదు. ఇంకో సంగతి తప్పక గుర్తుంచుకోండి: రెప్లికేషన్ చేరే వరకు శాఖ డీసీ దగ్గర పాత పాస్‌వర్డ్ కూడా చెల్లుతుంది. పాతది అక్కడి ప్రతితో సరిపోతుంది కాబట్టి ఆ డీసీ ఎవరినీ అడగదు. పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానంతో మార్చినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను నిలిపివేశాను. ఎంతసేపటికి నిజంగా మూసుకుపోతుంది?

ఇది అందరూ అడగాలని నేను కోరుకునే ప్రశ్న. తప్పు పాస్‌వర్డ్‌లతో ఖాతా లాక్ కావడం, వెంటనే కబురు వెళ్లే అత్యవసర మార్పుల జాబితాలో ఉంది. అడ్మిన్ ఖాతాను నిలిపివేయడం ఆ జాబితాలో లేదు. అంటే అది మామూలు గడువుతోనే ప్రయాణిస్తుంది. అత్యవసర మార్పులు కూడా సైట్ లింక్ మీద మార్పు కబురు పెట్టకపోతే సైట్ దాటేటప్పుడు గడువు కోసం ఆగుతాయి.

అందుకే ఆ వ్యక్తి పనిచేసే శాఖలోని డీసీకి కన్సోల్‌ను కలిపి, అక్కడే నిలిపివేయండి. లేదా మార్చిన వెంటనే, రెప్లికేషన్‌ను చూసి నడిపే సాధనంలోని 'రెప్‌అడ్మిన్ /రెప్ల్‌సింగిల్‌ఆబ్జ్' కమాండ్‌తో ఆ ఒక్క ఖాతాను శాఖ డీసీకి చేర్చండి. అంతటితో పని అయిపోలేదు. అప్పటికే తీసుకున్న కెర్బరోస్ టికెట్ (లాగిన్ అయినప్పుడు డీసీ ఇచ్చే ప్రవేశ గుర్తు) మామూలు అమరికలో 10 గంటల వరకు చెల్లవచ్చు. కంప్యూటర్ నుంచి లాగాఫ్ చేయించడం, వీపీఎన్ తెంచడం, ఫైల్ సర్వర్‌లో తెరిచి ఉన్న సెషన్లు మూయడం విడిగా చేయాలి. మానవ వనరుల విభాగం నుంచి మెయిల్ వచ్చిన నిమిషానికి ఏ వరుసలో ఏం చేయాలో ముందే కాగితం మీద ఉండాలి.

గ్రూపులో చేర్చాను, అన్ని డీసీల్లో కనిపిస్తోంది కూడా. ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. ఎందుకు?

రెప్లికేషన్ పని పూర్తయింది, మిగిలింది ఉద్యోగి కంప్యూటర్‌లోని పాత టికెట్. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలో టికెట్‌లోకి ఎక్కుతుంది. లాగాఫ్ చేసి మళ్లీ లాగిన్ కావాలి. తెర లాక్ చేసి తీయడంతో సరిపెట్టుకోకండి.

గ్రూప్ పాలసీ కొన్ని కంప్యూటర్లకు చేరింది, కొన్నిటికి చేరలేదు. ఎందుకు?

కంప్యూటర్లకు అమరికలు చేరవేసే ఈ పాలసీ ఒక్కోటీ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి డైరెక్టరీలో, రెండోది సిస్‌వాల్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా. డైరెక్టరీ ముక్కను యాక్టివ్ డైరెక్టరీ రెప్లికేషన్ మోస్తుంది, ఫైళ్లను డీఎఫ్ఎస్ఆర్ అనే వేరే సేవ మోస్తుంది. రెంటి వేగమూ ఒకటి కాదు, ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. 'రెప్‌అడ్మిన్' అంతా బాగుందంటే ఫైళ్ల సంగతి అది చెప్పలేదని గుర్తుంచుకోండి. రెండు డీసీల్లో ఆ పాలసీ వెర్షన్ సంఖ్యలను పక్కపక్కన పోల్చండి. అవి సరిగ్గా ఉంటే ఓపిక పట్టాలి: కంప్యూటర్లు పాలసీని తిరిగి చదివేది 90 నిమిషాలకోసారి, దానికి అరగంట వరకు అదనపు తేడాతో.

ఫైళ్లను మోయడానికి ఇంకా పాత ఎఫ్ఆర్ఎస్ వాడుతున్న డొమైన్ ఉంటే ముందు డీఎఫ్ఎస్ఆర్‌కు మార్చండి. విండోస్ సర్వర్ 2019 డీసీలు ఎఫ్ఆర్ఎస్ ఉన్న డొమైన్‌లో చేరవు.

కొత్త డీఎన్ఎస్ రికార్డు రెప్లికేట్ అయినా సర్వర్ జవాబు ఇవ్వడం లేదు. ఎందుకు?

డైరెక్టరీలో ఉన్న జోన్‌ను (ఆ రికార్డుల సమాహారం), పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవ 180 సెకన్లకోసారి చదువుకుంటుంది. రెప్లికేషన్ సమయానికి ఆ మూడు నిమిషాలు కలపండి. ఈలోగా అడిగిన కంప్యూటర్ "లేదు" అన్న జవాబును దాచుకుంటే, ఆ జవాబు గడువు తీరే వరకో, దాని కాష్ ఖాళీ చేసే వరకో అదే చెబుతుంది.

ఒకే ఉద్యోగి చివరి లాగిన్ సమయం ఒక్కో డీసీలో ఒక్కోలా ఉంది. రెప్లికేషన్ పాడైందా?

పాడవలేదు. "లాస్ట్ లాగాన్" గుణం అసలు రెప్లికేట్ కాదు, ఏ డీసీ లెక్క దానిదే. తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాల లెక్క కూడా అంతే. అన్ని చోట్లకూ వెళ్లేది "లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్". అది కూడా మామూలు అమరికలో 9 నుంచి 14 రోజులు పాతబడితేనే మారుతుంది, కాబట్టి నెలల తరబడి వాడని ఖాతాలు ఏరడానికి పనికొస్తుంది, నిన్న ఎవరొచ్చారో చూడటానికి పనికిరాదు.

## పరీక్ష దశ: ఆలస్యమా, ఆగిపోయిందా?

ఫిర్యాదు రాగానే మొదట ఏ కమాండ్ ఇవ్వాలి?

'రెప్‌అడ్మిన్ /రెప్ల్‌సమ్మరీ'. ప్రతి డీసీ పక్కన రెండు సంగతులు చూపుతుంది: చివరిసారి విజయవంతమై ఎంతసేపైంది, ఎన్ని ప్రయత్నాల్లో ఎన్ని విఫలమయ్యాయి. వైఫల్యాలు సున్నా ఉండి, గడిచిన సమయం మీ సైట్ లింక్ గడువు కంటే తక్కువైతే అది ఆలస్యమే. వైఫల్యాలు కనబడినా, గడిచిన సమయం గడువు దాటినా అది ఆగిపోవడం. ఈ ఒక్క నిమిషం పనితో మీరు నడవవలసిన దారి తేలిపోతుంది. తర్వాత ఆ డీసీ మీద 'రెప్‌అడ్మిన్ /షోరెప్ల్' ఇస్తే ఏ భాగస్వామితో, డైరెక్టరీలోని ఏ విభాగానికి, ఏ ఎర్రర్ సంఖ్యతో ఆగిందో తెలుస్తుంది.

నేను చేసిన ఫలానా మార్పు ఎక్కడి దాకా వచ్చిందో ఎలా చూడాలి?

'రెప్‌అడ్మిన్ /షోఆబ్జ్‌మెటా' తర్వాత డీసీ పేరు, ఆ ఖాతా పూర్తి డైరెక్టరీ పేరు ఇవ్వండి. ఆ డీసీ ప్రతిలో ప్రతి గుణం వెర్షన్ ఎంత, మార్పు ఏ డీసీలో పుట్టింది, ఎప్పుడు అన్నది వరుసగా వస్తుంది. డీసీ పేరు చోట నక్షత్రం గుర్తు పెడితే అన్ని డీసీలనూ అడుగుతుంది. "నేను మార్చలేదు" అని ఇద్దరు అడ్మిన్లు వాదించుకుంటున్నప్పుడు మార్పు ఏ డీసీలో, ఏ సమయంలో జరిగిందో ఇది చూపుతుంది. మార్చిన మనిషి పేరు మాత్రం చెప్పదు. అది ఆడిట్ లాగ్ పని.

రిపోర్టులో అంతా విజయమే, మార్పు మాత్రం కనబడటం లేదు. ఎక్కడ చూడాలి?

మొదట మీ కన్సోల్ ఏ డీసీకి కలిసి ఉందో చూడండి. నన్ను అడిగినవారిలో చాలామందికి జవాబు అక్కడే దొరికింది: మార్పు వచ్చేసింది, వాళ్లు చూస్తున్నది ఇంకో డీసీ. తర్వాత 'రెప్‌అడ్మిన్ /క్యూ' ఇచ్చి పని వరుసలో పేరుకుపోయిందేమో చూడండి. పెద్ద గ్రూపుల మార్పులు, వేల ఖాతాల దిగుమతి తర్వాత వరుస పొడవవుతుంది. అది తగ్గుతూ ఉంటే వదిలేయండి. గంటల తరబడి అదే అంకె దగ్గర ఉంటే ఆ డీసీ డిస్కు, ప్రాసెసర్ చూడాలి. చివరిగా, ఆ సైట్ ఏదైనా సైట్ లింక్‌లో ఉందా అని చూడండి. లింకే లేని సైట్‌కు మార్పులు వెళ్లే దారే ఉండదు.

వెంటనే అన్ని డీసీలకూ పంపడం ఎలా?

'రెప్‌అడ్మిన్ /సింక్‌ఆల్' తర్వాత డీసీ పేరు, ఆపైన పెద్ద ఏ, చిన్న డీ, చిన్న ఈ, పెద్ద పీ అక్షరాలు. పెద్ద ఏ అంటే డైరెక్టరీ విభాగాలన్నీ, చిన్న ఈ అంటే సైట్లు దాటి, పెద్ద పీ అంటే ఈ డీసీ నుంచి బయటికి. పెద్ద పీ లేకపోతే పని ఎదురు దిశలో జరుగుతుంది, అక్షరాల పెద్దా చిన్నా తేడా ముఖ్యం.

ఒక మనవి. ఏదైనా ఖాతాను పొరపాటున తొలగించి ఉంటే ఈ కమాండ్ ఇవ్వకండి. ఇంకా మార్పు చేరని శాఖ డీసీలో ఆ ఖాతా బతికి ఉండవచ్చు, ఆ ఆలస్యమే మీకు మిగిలిన అవకాశం కావచ్చు. ఈ కమాండ్‌ను రోజువారీ షెడ్యూల్‌లో పెట్టడం కూడా సరికాదు. ప్రతిరోజూ అవసరపడుతోందంటే గడువు తప్పు, దాన్ని మార్చాలి.

## మరమ్మతు దశ: ఎర్రర్ సంఖ్యలు

1722 వస్తోంది. పింగ్ మాత్రం వెళుతోంది. ఎందుకు?

ఆర్‌పీసీ (అవతలి యంత్రంలోని పనిని పిలిచే పద్ధతి) సర్వర్ అందడం లేదని దాని అర్థం. పింగ్ వెళ్లడం ఇక్కడ ఏమీ చెప్పదు. డీసీలు ముందు 135వ పోర్టులో మాట్లాడుకుని, అక్కడి నుంచి 49152–65535 మధ్య ఏదో ఒక పోర్టుకు మారతాయి. ఫైర్‌వాల్‌లో 135 తెరిచి, పై శ్రేణిని మరిచిపోవడం నేను తరచుగా చూసే కారణం. విండోస్ సర్వర్ 2003 కాలపు నియమాల్లో 1025–5000 అని ఉంటుంది. కొత్త డీసీలు వచ్చినా ఆ నియమం మారకపోతే ఇదే జరుగుతుంది. నెట్‌వర్క్ బృందం అంత పెద్ద శ్రేణి తెరవడానికి ఒప్పుకోకపోతే, రిజిస్ట్రీలో రెప్లికేషన్‌కు ఒక స్థిరమైన పోర్టు కేటాయించవచ్చు. 53, 88, 389, 445 కూడా తెరిచి ఉండాలి.

8524 వచ్చింది. ఆ డీసీ పేరు మాత్రం ఐపీగా మారుతోంది. ఇంకేం కావాలి?

డీఎన్ఎస్‌లో వెతికితే ఆ డీసీ దొరకలేదని దాని అర్థం. డీసీలు ఒకదాన్నొకటి మామూలు పేరుతో వెతకవు. ప్రతి డీసీకీ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్యతో "_ఎంఎస్‌డీసీఎస్" జోన్‌లో మారుపేరు రికార్డు ఉంటుంది; అది దొరకాలి. దొరకకపోతే ఆ డీసీలో నెట్‌లాగాన్ సేవను మళ్లీ మొదలుపెట్టండి, రికార్డును తిరిగి నమోదు చేస్తుంది. డీసీ నెట్‌వర్క్ కార్డులో ఇంటర్నెట్ సంస్థ డీఎన్ఎస్ చిరునామా రాసి ఉంటే ముందు దాన్ని తీసేయండి. డీసీలు మన లోపలి డీఎన్ఎస్‌ను మాత్రమే అడగాలి.

"టార్గెట్ ప్రిన్సిపల్ నేమ్ తప్పు" అంటోంది. పేరు సరిగ్గానే ఉందే?

పేరుతో సంబంధం తక్కువ. చాలాసార్లు ఆ డీసీ సొంత కంప్యూటర్ పాస్‌వర్డ్ మిగతా డీసీలకు తెలిసినదానితో సరిపోవడం లేదు. ఆ డీసీలో కెర్బరోస్ కీ పంపిణీ సేవను ఆపి, పాత టికెట్లు తుడిచి, 'నెట్‌డామ్ రీసెట్‌పీడబ్ల్యూడీ' కమాండ్‌ను పీడీసీ వైపు చూపిస్తూ నడపండి. తర్వాత డీసీని రీస్టార్ట్ చేసి, ఆపిన సేవను తిరిగి మొదలుపెట్టండి.

గడియారం కొద్దిగా తేడా ఉంటే రెప్లికేషన్ నెమ్మదిస్తుందా?

నెమ్మదించదు, 5 నిమిషాలు దాటితే ఒక్కసారిగా ఆగుతుంది. కెర్బరోస్ మామూలు అమరికలో ఒప్పుకునే తేడా అంతే. డొమైన్‌లో సమయానికి మూలం పీడీసీ ఎమ్యులేటర్, దాన్ని నమ్మకమైన సమయ సర్వర్‌కు కలపాలి. వర్చువల్ డీసీలు అతిథి యంత్రం హోదాలో హోస్ట్ గడియారాన్ని కూడా అనుసరిస్తుంటే, రెండు మూలాల మధ్య సమయం ఊగుతుంది. ఆ హోస్ట్ సమన్వయాన్ని ఆపేయండి.

## చాలా రోజులు ఆగిపోయినప్పుడు

ఒక డీసీ ఏడు నెలలుగా ఆపి ఉంది. మళ్లీ ఆన్ చేయవచ్చా?

చేయకండి. తొలగించిన ఖాతాల గుర్తులను డైరెక్టరీ కొంతకాలమే ఉంచుకుంటుంది. విండోస్ సర్వర్ 2003 ఒకటో సర్వీస్ ప్యాక్ నుంచి కొత్తగా కట్టిన ఫారెస్ట్‌లలో (ఒకే డైరెక్టరీ పంచుకునే డొమైన్ల సమూహాల్లో) మామూలుగా 180 రోజులు, అంతకు ముందు కట్టినవాటిలో 60. సర్వర్లను ఎన్నిసార్లు కొత్త వెర్షన్‌కు మార్చినా పాత ఫారెస్ట్‌లో ఆ 60 అలాగే ఉండవచ్చు, మీదెంతో చూసుకోండి. ఆ గడువు దాటి ఆగిన డీసీకి ఏవేవి తొలగించారో తెలిసే దారి లేదు, కాబట్టి చచ్చిన ఖాతాలను తనలో బతికించుకుని తిరిగి వస్తుంది. మిగతా డీసీలు 8614 ఎర్రర్‌తో దాన్ని దూరం పెడతాయి, అది మన మేలుకే. ఆ రక్షణను రిజిస్ట్రీలో తీసేసి బలవంతంగా కలపమని చెప్పే సలహా వినకండి. దాన్ని నెట్‌వర్క్‌కు కలపకుండానే తుడిచి, డైరెక్టరీలో దాని ఆనవాళ్లు తీసేసి, కొత్త డీసీగా కట్టండి.

8606 అంటే ఏమిటి?

అవతలి డీసీలో ఎప్పుడో తొలగించిన వస్తువు ఇంకా బతికి ఉందని, దాని మీద జరిగిన మార్పును ఇవతలి డీసీ తీసుకోనంటోందని అర్థం. 'రెప్‌అడ్మిన్ /రిమూవ్‌లింగరింగ్‌ఆబ్జెక్ట్స్' దీనికోసమే ఉంది. మొదట సలహా మోడ్‌లో నడిపితే ఏమేం తీసేస్తుందో ఈవెంట్ లాగ్‌లో రాస్తుంది, ఏదీ తొలగించదు. ఆ జాబితా చదివాకే అసలు పనికి దిగండి. పోలిక కోసం ఎంచుకునే డీసీ శుభ్రమైనదని రూఢి చేసుకోవడం ఇందులో అన్నిటికన్నా ముఖ్యం.

డీసీని స్నాప్‌షాట్ (వర్చువల్ యంత్రం పాత స్థితి ప్రతి) నుంచి వెనక్కి తెచ్చాను. ఎర్రర్లు లేవు కానీ మార్పులు బయటికి వెళ్లడం లేదు. ఏమైంది?

యూఎస్‌ఎన్ వెనక్కి మళ్లింది. ఆ డీసీ తన సంఖ్యలను పాత స్థానం నుంచి మళ్లీ వేస్తోంది. భాగస్వాములు ఆ సంఖ్యలన్నీ చూసేశామనుకుని కొత్త మార్పులను అడగడం లేదు. పట్టుబడితే ఈవెంట్ 2095 వస్తుంది, ఆ డీసీ రెప్లికేషన్‌ను తానే ఆపుకుంటుంది, భాగస్వాముల దగ్గర 8456, 8457 కనబడతాయి. ఇక్కడ రెప్లికేషన్‌ను బలవంతంగా తిరిగి చేతనం చేస్తే రెండు ప్రతులు ఎన్నటికీ కలవకుండా పోతాయి. ఆ డీసీని బలవంతంగా దించి కొత్తగా కట్టడమే దారి. విండోస్ సర్వర్ 2012 నుంచి, హోస్ట్ కూడా సహకరిస్తే, డీసీ స్నాప్‌షాట్‌ను గుర్తుపట్టి తనను తాను కాపాడుకుంటుంది. అయినా స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా లెక్కించకండి.

శాఖ మూసేశారు, డీసీ డిస్కు కూడా పోయింది. రిపోర్టుల్లో మాత్రం దాని పేరు రోజూ వస్తోంది. ఎలా వదిలించుకోవాలి?

ముందుగా అది, ఒకసారికి ఒక్క డీసీయే మోసే ఎఫ్ఎస్ఎమ్ఓ పాత్రలేవైనా (పీడీసీ ఎమ్యులేటర్ లాంటివి) మోస్తోందా అని చూసి, ఉంటే వాటిని బతికున్న డీసీకి బలవంతంగా బదిలీ చేయండి. తర్వాత యూజర్స్ అండ్ కంప్యూటర్స్ కన్సోల్‌లో డొమైన్ కంట్రోలర్ల కింద దాని కంప్యూటర్ ఖాతాను తొలగించండి. అది శాశ్వతంగా ఆఫ్‌లైన్ అని కన్సోల్ అడిగినప్పుడు అవునని చెబితే, విండోస్ సర్వర్ 2008 లేదా తర్వాతి కన్సోల్ లోపలి ఆనవాళ్లను కూడా తుడుస్తుంది. సైట్స్ అండ్ సర్వీసెస్‌లో మిగిలిన ఖాళీ సర్వర్ పేరు, డీఎన్ఎస్‌లో నేమ్ సర్వర్ల జాబితాలో ఉన్న రికార్డు చేత్తో తీసేయాలి. ఆ శాఖ సబ్‌నెట్‌ను వేరే సైట్‌కు మార్చి, ఖాళీ అయిన సైట్‌నూ లింకునూ కూడా తొలగించండి. కేసీసీ తర్వాతి విడత లేచే పావుగంట ఆగి, 'రెప్‌అడ్మిన్ /రెప్ల్‌సమ్మరీ' మళ్లీ ఇచ్చి చూడండి.